ఫీజు సర్కారు కడతదంట, సర్టిఫికెట్ మాత్రం కాలేజీ బీరువాలో!

"మీకేందిరా, మీ ఫీజు సర్కారు కడతది."

పదో తరగతి ఫలితాలొచ్చిన నాటి నుంచి పాలిసెట్ కౌన్సెలింగ్ అయ్యేదాకా వాడలో ప్రతి పిల్లా వినే మాట ఇది. ఊళ్లో పెద్దమనిషి అంటాడు. కిరాణా కొట్టు సేటు అంటాడు. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీలో కూర్చునే సారూ అంటాడు. అనేవాళ్లకు పైసా ఖర్చు లేదు. పడేవాళ్లకే తెలుసు.

సర్కారు ఏం కడుతున్నదో లెక్క చూద్దాం. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కేంద్రం 2021లో కొత్త నియమావళి తెచ్చింది. అందులో ఐటీఐ, పాలిటెక్నిక్ డిప్లొమా చదివే పిల్లలది నాలుగో గ్రూపు, అంటే అట్టడుగుది. ఇంటి నుంచి పోయొచ్చే పిల్లకు ఖర్చుల కింద ఏడాదికి 2,500 రూపాయలు. హాస్టల్లో ఉంటే 4,000. ఆ 2,500ని 365 రోజులకు పంచి చూడండి, రోజుకు ఏడు రూపాయలు కూడా రావు. బస్సు పాసు, వర్క్‌షాపుకు ఖాకీ బట్టలు, డ్రాఫ్టర్, రికార్డు పుస్తకాలు, మధ్యాహ్నం తిండి అన్నీ ఇందులోనే ఎల్లాలి. అదే మొదటి గ్రూపు వృత్తివిద్యా డిగ్రీలకు 7,000, హాస్టల్ అయితే 13,500. దాన్ని తగ్గించమని మనం అడగం. అది కూడా చాలదు. కానీ చేత్తో పని నేర్చుకునే చదువు దగ్గరికి వచ్చేసరికి పట్టికలో కింద పెట్టారు చూడండి. చేతిపని చేసేవాణ్ణి ఊరి బయట పెట్టిన దేశం కదా!

ఇది ఎవరి దయాధర్మమూ కాదు. 1942లో బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా ఉన్నారు. ఆ అక్టోబరులోనే మన బాధల మీద వైస్రాయి లిన్‌లిత్‌గోకు వినతిపత్రం ఇచ్చారు. సైన్సు, టెక్నికల్ చదువులు చదివే మన పిల్లలకు ఏటా స్కాలర్‌షిప్పులకు డబ్బు కేటాయించమన్నారు. ప్రభుత్వ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లలను అప్రెంటీసులుగా తీసుకోమన్నారు. 1944లో ఎస్సీల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. అంటే దేశానికి స్వాతంత్ర్యం రాకముందే కొట్లాడి తెచ్చుకున్నది. ఐటీఐకి పోయే పిల్ల ఈ సంగతి తెలిసి దరఖాస్తు పెడితే తల ఎత్తి పెడుతుంది. తెలియకపోతే కౌంటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంది. మనవాళ్లు ఇంకా చేతులు కట్టుకునే నిలబడుతున్నారు.

ఇక దరఖాస్తు తతంగం. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పుస్తకం, పదో తరగతి మెమో, బోనఫైడ్. మెమోలో పేరు ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు, బ్యాంకు పుస్తకంలో మూడో తీరు. బడిలో రాసిందొకరు, ఆధార్ సెంటర్లో కొట్టిందొకరు, బ్యాంకులో ఎక్కించిందొకరు. కన్నతల్లి పెట్టిన పేరు మాత్రం ఒక్కటే! అయినా తిరగాల్సింది ఆ తల్లే. మీ సేవలో వేలిముద్ర పడకపోతే మళ్లీ రమ్మంటారు. సెలవుల్లో పత్తి ఏరిన వేళ్లకు గీతలు ఎక్కడుంటయి? ఒక్క సర్టిఫికెట్ కోసం రెండు రోజుల కూలి పోతే ఆ నష్టం ఏ కాలమ్‌లో రాయాలో ఎవరూ చెప్పరు. దరఖాస్తు కాలేజీ దాటి, జిల్లా సంక్షేమ ఆఫీసు దాటి, ట్రెజరీకి పోతుంది. అక్కడ టోకెన్ పడుతుంది. డబ్బు పడదు.

డబ్బు పడకపోతే ఏమవుతుందో వినండి. మా మండలంలో ఒక మాదిగ పిల్ల ఎలక్ట్రికల్ డిప్లొమా మంచి మార్కులతో పాసయింది. ఈసెట్ రాసి ర్యాంకు తెచ్చుకున్నది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరాలంటే మార్కుల మెమోలు, టీసీ కావాలి. చదివిన ప్రైవేటు కాలేజీకి పోతే "మీ ఫీజు సర్కారు నుంచి రాలేదమ్మా, కట్టి తీసుకపో" అన్నారు. తండ్రి మేస్త్రీ కింద కూలి. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి కట్టాడు. తర్వాత సర్కారు డబ్బు కాలేజీ ఖాతాలో పడ్డది. మా పైసలు మాకియ్యమంటే "చూద్దాం" అన్నారు. ఇంకా చూస్తనే ఉన్నరు. బాకీ సర్కారుది, మిత్తి మాదిగ కూలీది! ఆ కూతుర్నే పట్టుకుని "మీకేంది, ఫ్రీ చదువు" అనడానికి నోరెట్లా వస్తదో!

సర్టిఫికెట్లు పట్టి పెట్టుకునే హక్కు కాలేజీకి లేదు. ఒరిజినల్స్ ఆపొద్దని యూజీసీ 2018లోనే చెప్పింది. పాలిటెక్నిక్‌లకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ నియమమూ అదే. చెప్పినవాడు వచ్చి బీరువా తెరవడు, అదీ సంగతి. 2025 నవంబరులో తెలంగాణలో యాజమాన్యాలు బకాయిల కోసం కాలేజీలు బంద్ పెడితే సర్కారు పిలిచి మాట్లాడింది. వాళ్లకు రావాల్సింది వాళ్లు అడగనీ, తప్పు లేదు. కానీ ఆ పిల్ల తండ్రి కట్టిన మిత్తి గురించి ఎవరు మాట్లాడారు?

డబ్బు లేదంటారా? 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పథకానికి అయిదేళ్లకు 59,048 కోట్లు ప్రకటించింది. అందులో నూటికి 60 కేంద్రం వాటా, 40 రాష్ట్రం వాటా. రాష్ట్రం తన వాటా వేస్తేనే కేంద్రం వాటా కదులుతుంది. ఒకరు కదలలేదని ఇంకొకరు. మధ్యలో మన పిల్లల పరీక్షలు అయిపోతాయి. 2024లో తెలంగాణ సర్కారు 65 ఐటీఐలను కొత్త మిషన్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని పెట్టుకున్నది. మంచిదే. ఆ మిషన్ దాకా పోయే బస్సు కిరాయి సంగతేమిటి?

మన నాయకుల సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఏప్రిల్ 14కు ఫ్లెక్సీ మీద ఫొటో చిన్నదైందని కొట్లాడతారు. జూన్‌లో పిల్లలు మీ సేవ ముందు లైను కడితే ఒక్కడూ కనపడడు. ఆ ఖాళీలోకే ప్రైవేటు కాలేజీ ఏజెంటు మోటార్ సైకిలేసుకుని వాడకొస్తాడు. "అన్నీ మేమే చూసుకుంటం" అని ఒరిజినల్ మెమో పట్టుకపోతాడు. తల్లులారా, ఎవడికీ ఒరిజినల్ ఇవ్వకండి. జిరాక్సు ఇవ్వండి. ఒరిజినల్ చూపించి వెనక్కి తీసుకోండి.

సంఘం యువకులు అడ్మిషన్ల రోజుల్లో అంబేద్కర్ విగ్రహం దగ్గర ఒక బల్ల వేసుకుని కూర్చోవాలి. పేర్లు మూడు కాగితాల్లోనూ ఒకే తీరుగ ఉన్నయా లేదా అన్నది ముందే చూడాలి, గడువు తేదీ దగ్గర పడ్డాక కాదు. మన మండలం నుంచి ఎన్ని దరఖాస్తులు పోయినయి, ఎన్ని మంజూరయినయి, ఎన్ని టోకెన్ దగ్గర ఆగినయి అని 2005 సమాచార హక్కు చట్టం కింద జిల్లా సంక్షేమ ఆఫీసును అడగాలి. దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నవాళ్లకు ఆ అర్జీకి ఫీజు కూడా లేదు.

కాలేజీలో సొంత డబ్బు కట్టినవాళ్లు రసీదు తేవాలి. రసీదు ఇవ్వకపోతే కట్టిన తేదీ, తీసుకున్నవాడి పేరు రాసి తేవాలి. సర్టిఫికెట్ ఇమ్మని ప్రిన్సిపాల్‌కు అర్జీ రాసి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయనంటే స్పీడ్ పోస్టులో పంపండి. ఆ కాగితాలన్నీ కలిపి సోమవారం ప్రజావాణిలో కలెక్టరు బల్ల మీద పెడదాం. ఒక్కొక్కరం పోతే "చూద్దాం" అంటారు. నలభై మందిమి తల్లుల్ని వెంటబెట్టుకుని పోదాం.