బొమ్మ ఎవరిది? గొంతు ఎవరిది?

నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు అంటూ ఉంటారు. ఆ నాలుగు విధాలేమిటో ఎవరూ లెక్కపెట్టి చెప్పరు గానీ, అందులో ఒకటి మాత్రం అందరికీ తెలిసిందే. ఒకడి నవ్వు ఇంకొకడికి మంట. వార్షికోత్సవాల రోజులు వచ్చాయంటే చాలు, ఏ కాలేజీలోనైనా హాస్యనాటిక వెయ్యాల్సిందే. ఆ నాటికలో నత్తివాడు, పనిమనిషి, లావుపాటి అమ్మాయి, పిసినారి సేటు, హిజ్రా, పల్లెటూరి యాసవాడు... ఈ అరడజను పాత్రలూ ఏటేటా పేర్లు మార్చుకుని స్టేజీ ఎక్కుతూనే ఉంటాయి. "నవ్వుకోడానికే గదా, దానికింత రాద్ధాంతం దేనికి?" అని ఒక పక్షం. "మా మనసు నొచ్చుకుంది, వెంటనే ఆపించండి" అని ఇంకో పక్షం. ఈ రెండు పక్షాల మధ్య నలిగి చివరికి మూగవాడైపోయిన ఒక కార్టూను బొమ్మ కథ చెప్పుకుంటే మన సంగతి తేలిగ్గా బోధపడుతుంది. పైగా ఆ కథలో ఒక తెలుగువాడు కూడా ఉన్నాడు.

అమెరికా టెలివిజన్‌లో 'ది సింప్సన్స్' అనే కార్టూను ధారావాహిక 1989 డిసెంబరులో మొదలైంది. కార్టూను అనగానే పిల్లల బొమ్మలాట అనుకునేరు! ఇది పెద్దల కోసం తీసింది. తాగుబోతు తండ్రి, గడుగ్గాయి కొడుకు, లంచగొండి మేయరు, చేతగాని పోలీసు అధికారి... మొత్తం అమెరికా సమాజాన్నే ఉతికి ఆరేసిన హాస్యం. ముప్పై అయిదేళ్ళు దాటినా దాని ప్రదర్శన ఆగలేదు. అందులో 1990 లో ప్రవేశించిన పాత్ర అపూ. ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే 'క్విక్-ఈ-మార్ట్' అనే కొట్టు నడిపే భారతీయుడు. ఇంటిపేరు 'నహసపీమపెటిలాన్'. కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా గాలించినా అలాంటి ఇంటిపేరు దొరకదు. భారతీయుల పేర్లు నోరు తిరగవు అన్నదే అక్కడ జోకు. తేదీ దాటిన సరుకు అమ్మడం, పెద్దలు కుదిర్చిన పెళ్ళి, ఒకే కాన్పులో ఎనిమిది మంది పిల్లలు, కొట్టుకొచ్చిన ప్రతివాడికీ యాసతో "థాంక్యూ, కమ్ అగైన్" అని చెప్పడం... ఇదీ అపూ.

న్యాయంగా మాట్లాడాలంటే అపూ దుష్టుడేమీ కాదు. కష్టజీవి, తెలివైనవాడు. కలకత్తాలో చదివి, అమెరికా వెళ్ళి కంప్యూటర్ సైన్సులో డాక్టరేటు చేసినవాడుగా కథలో చూపించారు. ఆ ఊళ్ళో చాలామంది తెల్లవాళ్ళ కంటే అపూయే మర్యాదస్థుడు. అందుకే కోట్లమంది అతన్ని ఇష్టపడ్డారు. మరి తంటా ఎక్కడొచ్చింది?

తంటా గొంతులో వచ్చింది. అపూకి గొంతిచ్చినవాడు హ్యాంక్ అజారియా అనే అమెరికన్ నటుడు. అతను భారతీయుడు కాడు. 1968 లో వచ్చిన 'ది పార్టీ' అనే హాలీవుడ్ సినిమాలో పీటర్ సెల్లర్స్ అనే ఇంగ్లీషు నటుడు ముఖానికి రంగు పూసుకుని భారతీయుడిగా నటించాడు. ఆ నటన తనకు ప్రేరణ అని అజారియాయే చెప్పుకున్నాడు. అంటే భారతీయుణ్ణి చూసి పట్టుకున్న యాస కూడా కాదది. వెక్కిరింపును చూసి నేర్చుకున్న వెక్కిరింపు.

ఈ ముక్కను నలుగురి ముందూ నిలబడి అన్నవాడు హరి కొండబోలు. 1982 లో న్యూయార్క్‌లో తెలుగు తల్లిదండ్రులకు పుట్టినవాడు. వృత్తి రీత్యా హాస్యగాడే. మా నాన్నను వెక్కిరించే తెల్లవాణ్ణి ఇంకో తెల్లవాడు అనుకరిస్తే ఎలా ఉంటుందో అదే అపూ అని 2012 లో ఒక టీవీ కార్యక్రమంలో చెణుకు విసిరాడు. 2017 నవంబరులో 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' అనే డాక్యుమెంటరీ తీశాడు. అమెరికాలో పుట్టి పెరిగిన భారత సంతతి నటీనటులు ఎందరో అందులో తమ బడి రోజుల అనుభవాలు చెప్పారు. తోటి పిల్లలు ఆ యాసతో, అపూ మాటలతో ఏడిపించిన అనుభవం వాళ్ళలో చాలామందికి ఉంది. ఆ తరం పిల్లలకు అమెరికా తెర మీద కనిపించే భారతీయుడు ఆ ఒక్కడే. వందమంది భారతీయులు కనిపించే చోట ఒక అపూ ఉంటే అతను ఒక మనిషి. ఒక్క అపూ మాత్రమే ఉంటే అతను ఒక జాతి అయిపోతాడు. అసలు తిరకాసు ఇక్కడే ఉంది.

పాఠకులు గమనించాల్సిన సంగతి ఒకటుంది. కొండబోలు ఆ కార్యక్రమానికి శత్రువు కాడు. సింప్సన్స్ చూస్తూ పెరిగినవాడు, దాన్ని అభిమానించేవాడు. అపూని చంపెయ్యండనీ, తీసెయ్యండనీ అతను అడగలేదు. ఇంత తెలివైన రచయితలున్నారే, ఆ పాత్రను ఇంకాస్త మనిషిని చెయ్యలేరా అన్నదే అతని ప్రశ్న. మరి జవాబేమొచ్చింది? 2018 ఏప్రిల్లో ప్రసారమైన భాగంలో లీసా అనే పాత్ర చేత చెప్పించారు. ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నదాన్ని ఇప్పుడు తప్పంటున్నారు, ఏం చేస్తాం అనే ధోరణిలో పెదవి విరిచేసింది. పక్కనే అపూ ఫోటో! చేసినవాళ్ళకు అది చమత్కారంగా తోచి ఉండవచ్చు. అడిగినవాడికి మాత్రం అది మొహం మీద తలుపు వెయ్యడమే.

నటుడు అజారియా మాత్రం ఆలోచనలో పడ్డాడు. ఇకమీదట అపూకి గొంతివ్వనని 2020 జనవరిలో ప్రకటించాడు. ఆనాటి తన పాత్రపోషణకు 2021 ఏప్రిల్లో బాహాటంగా క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. ఈ లోగా 2020 జూన్‌లో, ఇక నుంచి తెల్లవాళ్ళు కానివారి పాత్రలకు తెల్ల నటుల చేత మాట్లాడించబోమని సింప్సన్స్ నిర్మాతలు ప్రకటించారు. బాగానే ఉంది. ఆ ప్రకారం అదే కార్యక్రమంలో కార్ల్, డాక్టర్ హిబ్బర్ట్ అనే నల్లజాతి పాత్రలకు నల్లజాతి నటులు గొంతివ్వడం మొదలుపెట్టారు. 'ఫ్యామిలీ గై' అనే మరో పెద్దల కార్టూనులో క్లీవ్‌లాండ్ పాత్రకు ఇరవై ఏళ్ళు గొంతిచ్చిన మైక్ హెన్రీ తప్పుకుంటే, ఆరిఫ్ జహీర్ అనే నల్లజాతి నటుడు వచ్చాడు. పాత్ర నిలిచింది, గొంతు మారింది.

అపూ విషయంలో అలా జరగలేదు. అతనికి కొత్త గొంతు వెతకలేదు. గుంపులో ఒక బొమ్మగా అప్పుడప్పుడూ నిలబెట్టి ఊరుకున్నారు. "మమ్మల్ని సరిగా మాట్లాడించండయ్యా" అని అడిగితే "సరే, అసలు మాట్లాడించం పొండి" అన్నట్టయింది. ఇది న్యాయం చెయ్యడం కాదు, పేచీ వదిలించుకోవడం.

ఎక్కడో అమెరికా గొడవ మనకెందుకంటారా? బొమ్మలకు గొంతిచ్చి పెద్దల కోసం మోటు హాస్యం నడపడం ప్రపంచానికి అమెరికావాడు నేర్పిన విద్య కాదు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ఉండనే ఉన్నారు. తెల్లగుడ్డ తెర వెనక దీపం వెలుగులో రామాయణ భారతాలు తెల్లవార్లూ సాగుతుంటే, జనం కునికిపాట్లు పడే వేళకు వీళ్ళు ఊడిపడతారు. మొగుడూ పెళ్ళాల తగవు, మధ్యలో కేతిగాడి తుంటరితనం, పచ్చి బూతులు. ఏ కథ ఆడినా, ఏ ఊళ్ళో ఆడినా ఈ పాత్రలు మాత్రం తప్పవు. ధారావాహికలో మళ్ళీ మళ్ళీ వచ్చే పాత్రలంటే ఇవి కావూ?

ఆ హాస్యమంతా పవిత్రమని నేననను. ఆడదాని ఒంటి మీదా, నోటి మీదా వేసిన జోకులు అందులో కొల్లలు. కానీ రెండు సంగతులు గుర్తించాలి. ఆ బొమ్మలాటలో ఆడపాత్రలకు గొంతిచ్చేది ఆ కుటుంబాల్లోని ఆడవాళ్ళే. బంగారక్కను ఒకటంటే బంగారక్క తిరిగి నాలుగంటుంది. ఆ నాలుగూ అనేది ఒక ఆడమనిషి. ఇక రెండోది, ఆ ఆటగాళ్ళు ఊళ్ళో పెద్ద కులంవాళ్ళు కారు. ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటూ ఊరూరా తిరిగి బతికిన బీద కళాకారులు. ఊళ్ళో పెత్తందారు ఎదుట మామూలు రోజుల్లో నోరెత్తలేనివాడు కేతిగాడి నోటితో ఒక రాత్రి నాలుగు చురకలంటించగలిగాడు. కిందివాడు పైవాణ్ణి అంటే అది చురక. పైవాడు కిందివాణ్ణి అంటే అది వాత. రెంటికీ నవ్వు వస్తుంది, ఒప్పుకుంటాను. రెండూ ఒకటి మాత్రం కాదు.

ఇక సుబ్బిశెట్టి సంగతి. కాళ్ళకూరి నారాయణరావుగారు వేశ్యాలోలత్వాన్ని దుయ్యబడుతూ 'చింతామణి' నాటకం రాసి దాదాపు వందేళ్ళు. తిరునాళ్ళలో, జాతరల్లో ఆ నాటకం ఆడని తెలుగు జిల్లా లేదు. వేశ్య వలలో పడి ఆస్తి పోగొట్టుకునే వ్యాపారి సుబ్బిశెట్టి పాత్ర జనాన్ని విపరీతంగా నవ్వించింది. రానురాను నటులు రచయిత రాయని బూతులన్నీ ఆ పాత్రకు తగిలించారు. మూల నాటకంలోని సంస్కారం అడుగున పడి, ఒక కులం మీద వెకిలితనం పైకి తేలింది. తమను అవమానిస్తున్నారని ఆర్యవైశ్యులు చాలాకాలంగా చెబుతూ వచ్చారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకం మొత్తాన్నే నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. వివాదం హైకోర్టుకెక్కింది.

ఆర్యవైశ్యుల బాధ అబద్ధమనే ధైర్యం ఎవరికీ ఉండకూడదు. దుకాణంలో కూర్చున్న ప్రతి పిల్లవాణ్ణీ సుబ్బిశెట్టి అని పిలిస్తే ఆ పిల్లవాడికి ఎలా ఉంటుందో, అమెరికా బడిలో అపూ అనిపించుకున్న పిల్లవాణ్ణి అడిగితే చెబుతాడు. అయితే తగిలించిన బూతుల్ని కత్తిరించడానికి బదులు నాటకం గొంతే నులిమితే, సుబ్బిశెట్టితో బాటు చింతామణి, బిల్వమంగళుడు, వాళ్ళ పద్యాలు, వాటి మీద బతికే హార్మోనిస్టు, తబలిస్టు, రంగులు వేసే మేకప్పు మనిషీ అందరూ వీధిన పడతారు. అక్కడ అపూకి పట్టిన గతే ఇక్కడ సుబ్బిశెట్టికీ పట్టింది. దిద్దాల్సిన చోట తుడిచేశారు.

మన ప్రాంతం వాళ్ళకు ఇదేమీ పరాయి విషయం కాదు. 1970 లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లా నుంచి వచ్చి చేరాయి. మాట తీరులో అటు సీమ వాసన, ఇటు కోస్తా వాసన రెండూ కలిసిన జనం మనం. "యాడికి పోతాండావ్" అని నోరు జారితే విజయవాడ హాస్టల్లోనో హైదరాబాదు ఆఫీసులోనో పక్కవాడు కిసుక్కుమంటాడు. మన సినిమాల్లో కథానాయకుడు మాట్లాడేది ఒక తెలుగు, రౌడీకీ పనివాడికీ హాస్యగాడికీ ఇచ్చేది ఇంకో తెలుగు. సీమ, తెలంగాణ, శ్రీకాకుళం యాసలకు ఎన్నో ఏళ్ళు ఆ రెండో వరుసలోనే పీటలు వేశారు. అపూ యాసను చూసి నవ్విన అమెరికా పిల్లవాడికీ మన యాసను చూసి నవ్వే పట్నం పిల్లవాడికీ తేడా ఏముంది?

ఆ నొప్పి తెలిసిన మనమే మన స్టేజీ మీద ఏం చేస్తున్నామని అడగాలి. నల్లమల చెంచు గూడెం నుంచో, సుగాలి తండా నుంచో మొదటి తరంగా చదువుకొచ్చిన విద్యార్థి ముందు వరసలో కూర్చుని ఉంటాడు. స్టేజీ మీద ఈకలు తగిలించుకుని "హుళక్కి హుళక్కి" అంటూ గెంతే పాత్ర వస్తుంది. హాలంతా గొల్లున నవ్వుతుంది. అతనూ నవ్వుతాడు, నవ్వకపోతే పక్కవాడు చూస్తాడని. ఆ నవ్వును ఆనందం అనుకుంటే మనంత అమాయకులు ఉండరు.

అలాగని నాటికలు మానెయ్యమనడం నా ఉద్దేశం కాదు. ప్రిన్సిపాలు గారి చేత స్క్రిప్టులు సెన్సారు చేయించమని అంతకంటే కాదు. భయంతో రాసిన హాస్యం చప్పిడి కూడు. నాటిక రాసే మిత్రులు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలునంటాను. ఈ జోకు పైకి తగులుతుందా, కిందికి తగులుతుందా? ఎగతాళి పడ్డ పాత్రకు తిరిగి ఒక మాట అనే సందు ఇచ్చామా? ఆ పాత్ర ఎవర్ని పోలి ఉందో వాళ్ళలో ఒకరిని రిహార్సల్సుకు పిలిచి, "ఇట్లా కాదు, మేం ఇట్లా మాట్లాడతాం" అని చెప్పించుకున్నామా? మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆ విద్యార్థే పాత్ర వేస్తే ఇంకా మేలు. అప్పుడు చురకలు తగ్గవు. ఇంకా పదునెక్కుతాయి, కాకపోతే తగలాల్సిన చోట తగులుతాయి.

"అన్నీ ఆలోచిస్తూ కూర్చుంటే ఇక నవ్వేదెప్పుడు?" అని కొందరు మిత్రులు అడుగుతారు. లెక్చరర్ల నడక మీద, కరెంటు కోతల మీద, హాస్టలు సాంబారు మీద, ఎన్నికల్లో మన యూనియన్ నాయకులు చేసిన వాగ్దానాల మీద నవ్వండి. ఎంత నవ్వినా తరగని సరుకు అది. కావాలంటే మన మీద మనమే నవ్వుకుందాం, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మార్కాపురం పలక మీద పిచ్చిబొమ్మ గీస్తే తడిచేత్తో తుడిచెయ్యవచ్చు. పసివాడి మనసు మీద గీసిన బొమ్మ అలా పోదు. ముప్పై ఏళ్ళు మోసి మోసి, చివరికి ఒక తెలుగు కుర్రవాడు కెమెరా పట్టుకుని అడగాల్సివచ్చింది. మన పక్క బెంచీవాడికి ఆ అవసరం రానివ్వకుండా ఈ ఏటి నాటికలో అతనికీ ఒక పాత్ర, ఒక గొంతు ఇద్దాం. ఎలా నవ్వించాలో అతనే చెబుతాడు.