ఇల్లు పోయే పరిస్థితి వస్తే ఎవర్ని అడగాలి? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో సాయం అందేది ఎవరికి?

2024 జులై మొదట్లో నాగర్‌కర్నూల్ మండలం వనపట్లలో వానకు నానిన మట్టి మిద్దె రాత్రికి రాత్రే కూలింది. తల్లి, ముగ్గురు పిల్లలు నిద్రలోనే చనిపోయారు. పాలమూరు పల్లెల్లో ఇలాంటి మిద్దెలు ఇంకా ఎన్నో ఉన్నాయి. మరి ఇల్లు కూలకముందే, లేదా ఓనర్ ఖాళీ చేయమన్నప్పుడే ఎక్కడికి వెళ్లాలి? మున్సిపాలిటీ, పంచాయతీ ఏం చేస్తాయి?

స్థలం ఉంటేనే ముందు వరుస

ఇప్పుడు అందరి ఆశ ఇందిరమ్మ ఇళ్ల మీదే. 2024 మార్చి 11న భద్రాచలంలో సీఎం రేవంత్ రెడ్డి ఈ పథకాన్ని ప్రారంభించారు. మొదటి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు, ఒక్కో ఇంటికి 5 లక్షలు. దరఖాస్తుల్ని మూడు లిస్టులు చేశారు. సొంత జాగా ఉండి పక్కా ఇల్లు లేనివాళ్లు ఎల్1, జాగా కూడా లేనివాళ్లు ఎల్2, మిగతావాళ్లు ఎల్3. తొలి ప్రాధాన్యం ఎల్1కే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అందరికంటే ఎక్కువ అవసరం ఉన్నది జాగా లేనివాళ్లకు, కిరాయి ఇంట్లో ఉన్నవాళ్లకు. జాగాతో పాటు 5 లక్షలు ఇస్తామని ఎన్నికల్లో హామీ ఇచ్చినా, వాళ్లు రెండో వరుసలోనే ఉన్నారు. ఎల్1 వాళ్లకైనా పైసలు చేతికి ముందే రావు. బేస్‌మెంట్ కట్టాకే మొదటి లక్ష. అప్పటిదాకా అప్పో సప్పో చేయాల్సిందే. పాత మిద్దె కూల్చి కడితే, ఇల్లు పూర్తయ్యేదాకా ఉండటానికి కిరాయి అంటూ ఇందులో విడిగా ఏమీ లేదు.

మరి ఈ రాత్రికి ఎక్కడ?

ఇళ్లు లేనివాళ్లకు పట్టణాల్లో నైట్ షెల్టర్లు కట్టాలని 2024 సెప్టెంబర్‌తో ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ చెప్పింది. లెక్క ఏంటంటే లక్ష జనాభాకు కనీసం 100 మందికి చోటు. 2011 జనాభా లెక్కల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ లక్ష లోపు పట్టణాలే. అందుకే ఒత్తిడి ఎప్పుడూ పెద్ద నగరాల మీదే ఉంటుంది.

ఇంగ్లాండ్‌లో 2017లో తెచ్చిన చట్టం ప్రకారం, 56 రోజుల్లో ఇల్లు పోయేలా ఉంటే చాలు, లోకల్ కౌన్సిల్ సాయం చేసి తీరాలి. మన దగ్గర మున్సిపాలిటీకి అలాంటి చట్టపరమైన బాధ్యత లేదు. ఉన్న సాయం నాలుగైదు ఆఫీసుల్లో చెల్లాచెదురుగా ఉంది. ఏ కష్టానికి ఏ ఆఫీసో తెలియకే చాలామంది తిరిగి తిరిగి అలసిపోతున్నారు.

ఏ కష్టానికి ఏ తలుపు?

- వానకు ఇల్లు కూలితే: తహసీల్దార్. ఫొటోలు తీసి, పంచనామా చేయించుకోవాలి. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించే విపత్తు సాయం నిబంధనల్లో పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతాల్లో 1.2 లక్షలు, గుడిసెకు 8 వేలే. అందుకే పంచనామాలో 'ఇల్లు' అని రాశారా, 'గుడిసె' అని రాశారా అన్నది చూసుకోవాలి.

- ఓనర్ సామాన్లు బయట పడేస్తానంటే: కోర్టు ఉత్తర్వు లేకుండా బలవంతంగా ఖాళీ చేయించడం కుదరదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఫ్రీగా లాయర్‌ను ఇస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేదు. నంబర్ 15100.

- అధికారులు ఇల్లు కూల్చేస్తామంటే: 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అయితే రోడ్లు, ఫుట్‌పాత్‌లు, చెరువులు, రైల్వే స్థలాల్లోని ఆక్రమణలకు ఇది వర్తించదు.

- భర్త, అత్తింటివాళ్లు గెంటేస్తే: 181కి ఫోన్ చేయాలి, లేదా సఖి కేంద్రానికి వెళ్లాలి. అక్కడ కొద్దిరోజులు ఉండనిస్తారు. 2005 గృహహింస చట్టం ప్రకారం ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా ఆమెకు ఉంది.

- కన్నబిడ్డలే బయటికి పంపితే: ఆర్డీవో. 2007 చట్టం కింద నెలకు 10 వేల దాకా భృతి ఇప్పించొచ్చు. బాగోగులు చూసుకోవాలన్న షరతుతో ఇల్లు రాసిచ్చి ఉంటే ఆ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసే అధికారం కూడా ఉంది. పెద్దల హెల్ప్‌లైన్ 14567.

నోటి మాట కాదు, కాగితం కావాలి

ఈ జిల్లాల నుంచి హైదరాబాద్, ముంబై, పుణెలకు పనికి పోయేవాళ్లు ఎక్కువ. సర్వేకి వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంటే పేరు ఏ లిస్టులో పడిందో కూడా తెలియదు. ఊళ్లో పంచాయతీ కార్యదర్శినో ఎంపీడీవోనో, టౌన్‌లో మున్సిపల్ ఆఫీసులోనో తమది ఎల్1లో ఉందా, ఎల్2లో ఉందా అని అడగాలి. తప్పుగా ఉంటే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. నోటితో చెప్పిన గోడు ఏ ఫైల్‌లోనూ ఉండదు.

జాగా లేనివాళ్లకు ఇల్లు ఎప్పుడు, అప్పటిదాకా నీడ ఎక్కడ? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పనంత వరకు ఎన్ని ఇళ్లు శాంక్షన్ అయినా, అందరికంటే ముందు అందాల్సిన సాయం ఆఖరికే అందుతుంది.