పెరటిలో కొట్టు – ఇంటిలో విత్తనము

పంట పండించుటకు మన రైతు పడు పాటు లోకమెరిగినదే. కాని పండినదానిని పదిలపరచుటకు ఆ పాటులో పదియవ వంతైనను మనము పడుచున్నామా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో యాసంగి వేరుసెనగ మాఘ ఫాల్గుణములలో ఇల్లు చేరును. మరల విత్తుటకు ఆశ్వయుజ కార్తికములు రావలెను. నడుమ వేసవియు, వానకాలమంతయు గడువవలెను. ఈ ఏడెనిమిది మాసములు విత్తనపు కాయ యెచ్చట నుండవలెను? పడకటింటి మూలనా? ఎరువు బస్తాల ప్రక్కనా? చోటు లేదని కళ్ళముననే సమస్తము నమ్మివేసి, విత్తుదినములలో హెచ్చు వెలకు విత్తనము కొనుట మనకు అలవాటైనది. ఈ అలవాటు మానవలెనని మా అభిప్రాయము.

ఇందుకు ప్రతి సభ్యుని పెరటిలో ఒక చిన్న కొట్టు చాలును. ఇది మనకు క్రొత్త విద్య గాదు. మన పెద్దలు జొన్నలకు పాతరలు త్రవ్విరి. వెదురు గుమ్ములకు మట్టియు పేడయు మెత్తిరి.

కట్టుటకు ముందు లెక్క వేయుడు. ఎకరమునకు విత్తనముగా సుమారొక క్వింటాలు కాయలు కావలెను. విత్తనమును కాయలుగనే దాచవలెను. ఒలిచిన గింజకు మొలకశక్తి త్వరగా తగ్గును. క్వింటాలు వడ్లు పట్టు చోటునకు ఇంచుమించు రెట్టింపు చోటు క్వింటాలు కాయలకు కావలెనని మరువరాదు. నాలుగెకరముల రైతు విత్తనమునకును, ఇంటి తిండిగింజలకును పది యడుగుల పొడవు, ఎనిమిది యడుగుల వెడల్పు గల గది సరిపోవును. అంతకు మించి అప్పు చేసి కట్టుమని మేము చెప్పము.

స్థలము మెరకయై యుండవలెను. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డవారు 2009 అక్టోబరు వరదను మరచియుండరు. నేలకు రెండున్నర యడుగుల ఎత్తున అరుగు వేయుడు. మెట్లు అరుగునకు అంటక, తీసివేయుటకు వీలుగా నుండవలెను; లేనిచో ఎలుకకు మనమే దారి చూపినవార మగుదుము. తలుపు అడుగున రేకు కొట్టింపుడు. కిటికీకి సన్నజాలి బిగింపుడు. రేకుల కప్పు వేయువారు వేసవికి ముందు దానిపై సున్నము పూయుట మేలు. బస్తాలను గోడకు అడుగున్నర దూరమున, బల్లలపైనే పేర్పవలెను.

కొట్టెంత మంచిదైనను తడికాయను కాపాడజాలదు. కాయలో తేమ నూటికి తొమ్మిది పాళ్ళకు మించరాదు. ఊపిన గింజ గలగలలాడవలెను. నలిపిన పైపొర సులభముగా ఊడవలెను. తేమగల కాయకు పట్టు ఒక జాతి బూజు వలన అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. అది కాలేయమునకు చేటు. వేయించినను, వండినను పూర్తిగా పోదు. తెలకపిండి ద్వారా పశువులకును, వాని పాలలోనికిని చేరును.

ఎరువులను, పురుగుమందులను ఈ కొట్టులోనే పెట్టుటను మేము గట్టిగా ఖండించుచున్నాము. ఇంటి ప్రక్క కొట్టులో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు స్వయముగా పెట్టుట అంతకంటె ఘోరము. ఆ ఆవిరి నిద్రించువారి ప్రాణములను తీయును.

“అప్పులవాడు గుమ్మమున నిలిచియుండగా దాచుట యెట్లు?” అని కొంద రడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. సమస్తమును దాచుమని మే మనుట లేదు. ఎకరమునకొక క్వింటాలు మాత్రము అమ్మకమునుండి తప్పింపుడనియే మా మనవి. దానివలన నేడు తీరు బాకీ స్వల్పము; విత్తనమునకై రేపు చేయు అప్పు హెచ్చు. మిగిలిన పంటకు సంఘపు గిడ్డంగులే దిక్కు. సహకార రంగమున ధాన్యపు గిడ్డంగుల నిర్మాణమునకై కేంద్ర మంత్రివర్గము 2023 మే 31న ఒక పథకము నామోదించినది. అట్టివి మన సంఘములకు దక్కునట్లు అడుగుట సభ్యుల విధి. అయినను గిడ్డంగి యెంత పెద్దదైనను, విత్తనము రైతు కంటి ఎదుట నుండుటయే క్షేమము.

ఇరుగుపొరుగు నలుగురు కలిసి రేకులు, సిమెంటు, రాయి ఒక్కసారి తెప్పించుకొన్నచో బండికూలి తగ్గును. ఈ విషయమును రానున్న సభ్యుల సమావేశమున చర్చించి, పంట యింటికి రాకముందే పని మొదలిడవలెనని రైతు సోదరులను కోరుచున్నాము.