పాత పాస్‌పోర్టు పారేయకండి



పాస్‌పోర్టు రెన్యువల్ అయ్యాక బ్యాంకులో కొత్త జిరాక్సు ఇస్తే చాలని గత సంచికలో ఒక పాఠకుడు రాశారు. బ్యాంకాక్‌లో నా అనుభవం వేరు. రెన్యువల్‌తో మన పాస్‌పోర్టు నంబరే మారిపోతుంది. ఇక్కడ విదేశీయుల ఖాతాకు ఆధారం ఆ నంబరే. పేరు, ముఖం, సంతకం అవే అయినా కౌంటర్లో నన్ను ఎవరో కొత్త మనిషిలా చూశారు. ఫోన్ సిమ్ కూడా పాత పాస్‌పోర్టు నంబరు మీదే ఉంది, బ్యాంకు యాప్ ఆగిపోయింది. చేతిలో జీతం ఉండీ ఇంటి అద్దె కట్టలేకపోవడం ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. చివరికి ఆదుకున్నది రద్దు ముద్ర వేసి తిరిగిచ్చిన పాత పాస్‌పోర్టే. విదేశాల్లోని మనవాళ్లకు నా మనవి: దాన్ని పారేయకండి. కొత్తది రాగానే రెండూ పట్టుకుని ముందు బ్యాంకుకే వెళ్లండి.

– ఒక పాఠకుడు, బ్యాంకాక్