నోటి నుంచి ఎవరూ పుట్టలేదు



మైపాడు ఇసుకలో తాబేలు గుడ్డు, నేలపట్టు చెట్టు మీద గూడబాతు గుడ్డు, మన అమ్మ కడుపు. ఈ మూడింట్లోనూ ఒకానొక దశలో పిండం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. వెన్ను వెంట వరుసగా కణుపులు, గొంతు పక్కన వంపులు, చివర తోక. పేరు చీటీ అంటించడం మరిచిపోయిన రెండు పిండాలను చూసి, అవి బల్లివో పిట్టవో పాలిచ్చే జంతువువో చెప్పలేకపోతున్నానని ఫాన్ బేర్ అనే శాస్త్రవేత్త 1828లోనే రాశాడు.

ఆ గొంతు వంపులే చేపలో మొప్పలకు ఆధారమవుతాయి. మనలో దవడగా, చెవిలోని చిన్న ఎముకలుగా, స్వరపేటికగా మారతాయి. తోక ఎనిమిదో వారానికల్లా కనపడకుండా పోతుంది. వెన్నెముక ఉన్న జీవులన్నిటికీ పూర్వీకులు ఒకరే అనడానికి సాక్ష్యం మన ఒంట్లోనే ఉంది.

పురుషసూక్తం ఇంకో పుట్టుక చెప్పింది. ఒకడు నోటి నుంచి, ఒకడు పాదాల నుంచి. మనకైతే ఆ ఒంట్లో చోటే లేదు. 1946లో ‘శూద్రులెవరు?’ రాసినప్పుడు అంబేడ్కర్ మొదటి అధ్యాయంలోనే ఈ సూక్తాన్ని నిలదీశారు.

‘ఆ పిండాల బొమ్మలు దొంగవి కదా’ అని కొందరు ఎదురు తిరుగుతారు. 1874లో హెకెల్ గీసిన బొమ్మల్లో పోలికలను పెంచి చూపిన మాట నిజమే. రిచర్డ్‌సన్ బృందం 1997లో అసలు పిండాల ఫొటోలు పక్కన పెట్టి ఆ సంగతి తేల్చింది. తేడాలున్నాయి, పోలికలూ ఉన్నాయి. బొమ్మ తప్పయితే పిండం తప్పవదు. అదే హెకెల్ మనుషుల జాతులకు మెట్లు కట్టాడని కూడా మనం మరవకూడదు. సైన్సు చదివినంత మాత్రాన మెట్లు కూలవు. జువాలజీలో డాక్టరేట్ ఉన్నవాళ్లూ పెళ్లి ప్రకటనలో కులం వేస్తూనే ఉన్నారు.

అయినా ఆ చదువు మనకు కావాలి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి జీవపరిణామాన్ని తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు దాన్ని తప్పుబడుతూ లేఖ రాశారు. పన్నెండులో ఉంది కదా అంటారు. బైపీసీ తీసుకోనివాళ్లు ఎక్కడ చదవాలి? పదితోనే బడి మానేసేవాళ్లు ఎక్కడ చదవాలి? మానేసేది ఎవరి పిల్లలో మన వాడల్లో, యానాది కాలనీల్లో, పట్టపుపాలేల్లో అడగండి.

బైపీసీ, జువాలజీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక ఆదివారం మీ వాడ కమ్యూనిటీ హాల్లో పిల్లల్ని కూర్చోబెట్టండి. హెకెల్ బొమ్మలు వద్దు, అసలు ఫొటోలు చూపించండి. ఏది చేప, ఏది కోడి, ఏది మనిషి అని అడగండి. ఆ తర్వాత, ఇందులో ఏది ఏ కులమని అడగండి.