సీసాల అరకు టేకే కావాలా?

ఇంట్లో వైన్ సీసాలు దాచుకునే ర్యాక్‌కు చవకైన చెక్క ఏదంటే అమెరికాలో పైన్ అని చెబుతారు. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా ఆవపల్లిలో ఆ జవాబు పనికిరాదు. బస్తర్ ఇళ్లలో దాచేది వేరు. మార్చి, ఏప్రిల్‌లో ఏరి ఎండబెట్టిన ఇప్పపువ్వు, ధాన్యం, చింతపండు, నాలుగు సారా సీసాలు. వీటిని వానాకాలం నేల తేమకూ చెదలకూ అందకుండా ఎత్తున పెట్టాలి. పైగా సారాను వైన్‌లా పడుకోబెట్టనక్కర్లేదు. వైన్ సీసాను పడుకోబెట్టేది బిరడా ఎండిపోకుండా. సారా లాంటి ఘాటు మద్యం తగిలితే బిరడా పాడవుతుంది కాబట్టి ఆ సీసా నిలబడి ఉండడమే మేలు. అంటే మామూలు అరలు చాలు.

అయినా చెక్క అనగానే అందరి చూపూ టేకు మీదే. టేకును చెదలు ముట్టవన్న మాట సగమే నిజం. ఆ గుణం చేవది. చేవలోని క్వినోన్ రసాయనాలు పురుగుకు గిట్టవు. చుట్టూ ఉండే తెల్లచెక్కకు ఆ రక్షణ లేదు. లేత చెట్టులో తెల్లచెక్కే ఎక్కువ. తక్కువ ధరకు వచ్చిందని లేత టేకు కొనడం పేరుకు డబ్బు కట్టడమే.

బలం మాటకొస్తే లెక్క ఇంకా సులభం. అర ఎంత వంగుతుందన్నది చెక్క జాతి కన్నా కొలతల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. బరువు పొడవునా సమంగా పరిస్తే, వంపు ఆధారాల మధ్య దూరం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. మధ్యలో ఒక కాలు నిలబెట్టి దూరాన్ని సగం చేస్తే వంపు పదహారో వంతుకు దగ్గరగా పడిపోతుంది. టేకులో సగం బిగువే ఉన్న చెక్కతోనైనా, 90 సెంటీమీటర్ల బదులు 75 సెంటీమీటర్లకొక కాలు పెడితే అర దాదాపు అంతే నిలుస్తుంది. ఖరీదైన పలక కన్నా అదనపు కాలు చవక.

ఏ చెక్కైనా ఆరాలి, అది తప్పదు. తేమ 20 శాతం లోపుంటే బూజు పట్టదు. పచ్చిచెక్కతో చేసిన అర ఎండేకొద్దీ ముడుచుకుని మేకుల దగ్గర చీలుతుంది. తొందరపడి చేయించుకున్నవాళ్లకు ఇది తెలిసిన బాధే.

అన్నీ చూస్తే ఆవపల్లికి తగినది వెదురే. 2017 చట్ట సవరణతో వెదురు ‘చెట్టు’ నిర్వచనం నుంచి తొలగింది కాబట్టి, అడవి బయట పెంచిన వెదురును కొట్టడం, తరలించడం తేలికైంది. దాని లోపం పిండిపదార్థం. పుచ్చు పురుగు వచ్చేది దానికోసమే. కొట్టిన గడలను కొన్ని వారాలు నీళ్లలో నానబెడితే పిండి చాలావరకు కరిగిపోతుంది. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ఊరబెడితే రక్షణ ఇంకా గట్టిది. అది వానకు కొట్టుకుపోతుంది గానీ ఇంట్లో నిలుస్తుంది. అలాంటి గడల మీద ఇప్పపువ్వును నేరుగా పోయకూడదు, గంపలోనో డబ్బాలోనో పెట్టాలి. కాళ్ల కింద రాతి పలకలు, గోడకు జానెడు ఎడం ఉంటే చెదలు ఎక్కే మట్టిదారి ముందే కంటపడుతుంది.