ఇంటి పన్ను ఎక్కువేశారా? గొడవ కంటే ముందు కొలతలు చూడండి

అనంతపురం పాతూరులో ఒక సందులో పక్కపక్కనే రెండు ఇళ్లున్నాయనుకోండి. ఒకటి తాతల కాలం నాటి బండల మిద్దె. అందులో భర్త పోయిన ఒక ఖాలా ఉంటుంది, కుట్టుమిషనే ఆధారం. రెండోది కొత్త శ్లాబు ఇల్లు, కింద దుకాణం, పైన అద్దెకు రెండు వాటాలు. ఖాలా ఇంటికి పెద్దగా అద్దె రాదు. కానీ టవర్‌క్లాక్‌కు దగ్గర కాబట్టి ఆ ఇంటి కింద నేల మాత్రం ఖరీదైనది. ఇప్పుడు పన్ను నడిచేది ఆ నేలను బట్టే.

ఇదివరకు ఇలా ఉండేది కాదు. ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో అంచనా వేసి దానిమీద పన్ను వేసేవారు. 2020 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం చట్టం మార్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి మూలధన విలువే లెక్క, అంటే రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలోని స్థలం విలువ, దానికి కట్టడం విలువ కలిపి. నివాసాలకు అందులో 0.10 నుంచి 0.50 శాతం వరకు, దుకాణాలకు, ఇతర వాణిజ్య కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను వేయొచ్చు. 20 లక్షల విలువ కట్టిన ఇంటికి 0.10 శాతమైతే ఏడాదికి 2,000. అదే ఇల్లు కాగితంలో వాణిజ్యమని పడితే, అతి తక్కువ రేటు వేసినా 4,000.

కరువు జిల్లాలో ఇక్కడే చిక్కుంది. వాన పడకపోతే వేరుశనగ పోతుంది, మండీలో హమాలీ పని తగ్గుతుంది, దర్జీకి గిరాకీ ఉండదు. స్థలం విలువ మాత్రం దిగదు. అద్దె లెక్కలో ఇంటివాళ్ల రాబడి కాస్తయినా కనబడేది, ఈ లెక్కలో కనబడదు. నా ఉద్దేశంలో ఈ పద్ధతిలోని అసలు లోపం ఇదే.

"ఏడాదికి 15 శాతానికి మించి పెంచరు కదా" అని చాలామంది ధైర్యంగా ఉన్నారు. నిజమే, ఆ పరిమితి పెట్టారు. కానీ అది మాఫీ కాదు, వాయిదా. 1,000 కట్టేవాళ్లకు మరుసటేడు 1,150, ఆ పై ఏడు 1,322... ఇలా కొత్త లెక్క ప్రకారం రావాల్సిన మొత్తానికి చేరేదాకా పెరుగుతూ పోతుంది. అయిదేళ్లలో రెట్టింపు దాటుతుంది. అందుకే "ఈసారికి తక్కువే వచ్చింది, పోనీలే" అని తప్పు అసెస్‌మెంట్‌ను వదిలేస్తే ఆ తప్పు ఏటా మీతోపాటే పెరుగుతుంది.

మరి ఏం అడగాలి? "మేము పేదవాళ్లం, తగ్గించండి" అంటే అధికారి చేతిలో దానికి దారి లేదు. "ఫలానా కొలత తప్పు" అంటే ఉంది. ఇంటి విస్తీర్ణం టేపు పెట్టి మీరే కొలుచుకోండి. బండల మిద్దెను ఆర్‌సీసీ శ్లాబు అని రాశారేమో చూడండి. ముందుగదిలో కుట్టుమిషను ఉన్నంతమాత్రాన ఇల్లంతా వాణిజ్యం కింద వేశారా? మీ సందుకు మెయిన్ రోడ్డు రేటు కట్టారా? సొంత స్థలంలో 375 చదరపు అడుగుల లోపు ఇల్లు కట్టుకుని ఉంటున్నవారికి ఏడాదికి 50 రూపాయలే పన్ను. ఈ సంగతి తెలియని ఇళ్లు మన మొహల్లాల్లో చాలానే ఉన్నాయి.

అభ్యంతరం కమిషనర్ పేరిట రాతపూర్వకంగా ఇవ్వాలి, నోటీసులో రాసిన గడువులోపే. నోటీసు చేతికొచ్చిన తేదీ దానిమీదే రాసిపెట్టుకోండి. వార్డు సచివాలయంలో నోటితో చెప్పి వస్తే అది చెప్పినట్టు కాదు, రసీదు తీసుకోండి. లెక్క కాగితం ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. అభ్యంతరం పెట్టాం కదా అని పన్ను ఆపకండి, బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది.

లండన్‌లో ఉండే మా బంధువొకాయన చెప్పాడు, ఇంగ్లండ్‌లో ఇప్పటికీ 1991 నాటి ధరలతోనే ఇళ్లను ఎ నుంచి హెచ్ దాకా బ్యాండ్లుగా పెడతారట. బ్యాండు తప్పని అక్కడ ఎవరైనా అడగొచ్చు, కానీ మళ్లీ చూసినప్పుడు పై బ్యాండుకూ పోవచ్చు. ఇక్కడా అంతే. అనుమతి లేకుండా పైన వేసుకున్న గది ఉంటే మళ్లీ కొలిచేటప్పుడు అది బయటపడుతుంది, దానికి అదనపు పన్ను వేరే. అడిగేముందు ఇంట్లో కూర్చుని అన్నీ లెక్క చూసుకోండి.

ఇంకొకటి. చాలా ఇళ్ల పన్ను ఇంకా చనిపోయిన అబ్బా పేరు మీదే వస్తోంది. వారసులు నలుగురు, ఒకరు బెంగళూరులో, ఒకరు గల్ఫ్‌లో. అభ్యంతరం మీద సంతకం ఎవరు చేయాలన్నదే అక్కడ తేలదు. పన్ను రసీదు హక్కు పత్రం కాదు, నిజమే. అయినా మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల పత్రం పెట్టి పేరు మార్పించుకోవడానికి నోటీసు వచ్చేదాకా ఆగొద్దు. అప్పటికి గడువు రోజుల్లోనే ఉంటుంది.